ప్రైవేటు ఫ్యామిలీ డాక్టర్‌ను పెట్టుకుంటే డబ్బు దేనికి కడుతున్నట్టు?

మీరు అడిగింది ఇది: నాన్నగారికి బీపీ, షుగర్. అమ్మగారికి థైరాయిడ్, మోకాళ్ల నొప్పులు. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు. ఒక్కో జబ్బుకు ఒక్కో స్పెషలిస్టు చుట్టూ తిరుగుతున్నారు. ఏడాదికి ఇంత అని చందా కట్టించుకుని ఇంటిల్లిపాదినీ చూసే ప్రైవేటు ఫ్యామిలీ డాక్టర్ ఒకరున్నారని ఎవరో చెప్పారు. పెద్ద జబ్బు వస్తే ఎలాగూ ఆసుపత్రికే వెళ్లాలి కదా, మధ్యలో ఈయనెందుకు, కట్టిన డబ్బుకు ఫలితం ఉంటుందా, ఎలా ఎంచుకోవాలి అని మీ సందేహం.

నేను ఇరవై ఆరేళ్లు ఈ పనే చేశాను. మొదట్లో వచ్చినప్పుడల్లా ఫీజు తీసుకునే పద్ధతి, తర్వాత చందా పద్ధతి. అంటే మీరు కట్టే డబ్బు తీసుకునే వైపు కూర్చున్న మనిషిని. ఆ సంగతి మనసులో పెట్టుకునే చదవండి.

మీ ఇంటికి ఫ్యామిలీ డాక్టర్ అవసరమే. అయితే ఎప్పుడు చేసినా ఫోన్ ఎత్తుతారు, క్యూలో కూర్చోనక్కర్లేదు అన్న కారణంతో పెట్టుకుంటే మాత్రం ఏడాది తిరిగేసరికి విసుగొస్తుంది. ఆ సదుపాయాలు బాగానే ఉంటాయి గానీ వాటికి అంత డబ్బు దండగ. మీరు నిజంగా కొనేది రెండే: ఆ డాక్టర్ సమయం, ఆ డాక్టర్ జ్ఞాపకం. మీ నాన్నగారికి మూడేళ్ల కింద ఏ మందు పడలేదో, అమ్మగారు నొప్పిని ఎంత తక్కువ చేసి చెబుతారో గుర్తున్న ఒక మనిషి. ఆ జ్ఞాపకం మొదటి నెలలో రాదు.

ముందు 'ఎలాగూ ఆసుపత్రికే కదా' అన్న మాట సంగతి చూద్దాం. 1961లో కెర్ వైట్ అనే వైద్య పరిశోధకుడు, ఆయన సహచరులు అమెరికా, బ్రిటన్ గణాంకాలతో ఒక లెక్క వేశారు. వెయ్యి మంది పెద్దవాళ్లను తీసుకుంటే నెలలో సుమారు 750 మందికి ఏదో ఒక అనారోగ్యమో దెబ్బో తగులుతుంది. వాళ్లలో డాక్టర్ దగ్గరికి వెళ్లేది 250 మంది. ఆసుపత్రిలో చేరేది 9 మంది. వైద్య కళాశాల ఆసుపత్రి దాకా పంపాల్సి వచ్చేది ఒక్కరిని. నలభై ఏళ్ల తర్వాత, 2001లో, ఇదే లెక్క మళ్లీ వేస్తే అంకెలు పెద్దగా మారలేదు. అంటే మీ కుటుంబం జీవితకాలంలో పడే ఇబ్బందుల్లో చాలా భాగం ఆ తొమ్మిది మంది గుంపులోకి రావు. వాటిని ఎవరు చూస్తున్నారు, ఒకదానికొకటి ముడిపెట్టి ఎవరు ఆలోచిస్తున్నారు అన్నదే అసలు ప్రశ్న.

మీ నాన్నగారినే ఉదాహరణగా తీసుకుంటాను. ఆయన మందులు నేను చూడలేదు, కానీ ఇలాంటి మందుల సంచి నా బల్ల మీద కొన్ని వందల సార్లు గుమ్మరించి చూశాను. బీపీకి ఆమ్లోడిపిన్ రాశారనుకుందాం. కొన్ని వారాలకు చీలమండల దగ్గర వాపు వస్తుంది. ఆ మందుతో కొందరికి అలా రావడం డాక్టర్లందరికీ తెలిసిన విషయమే. కానీ నాన్నగారు ఆ వాపు చూపించింది మందు రాసినాయనకు కాదు, మరొకరికి. ఆ రెండో డాక్టర్ వాపు తగ్గడానికి నీళ్లు పోయే మాత్ర (ఒంట్లో నీటిని మూత్రంగా పంపేది) రాశారు. దాంతో యూరిక్ యాసిడ్ పెరిగి కాలి బొటనవేలు వాచింది. వేలికి నొప్పి మాత్ర ఇచ్చారు. నొప్పి మాత్రతో బీపీ పెరిగింది. బీపీ పెరిగిందని ఆమ్లోడిపిన్ మోతాదు పెంచారు. వాపు ఇంకా ఎక్కువైంది.

ఒక మందు తెచ్చిన ఇబ్బందిని కొత్త జబ్బు అనుకుని మరో మందు రాయడాన్ని 'ప్రిస్క్రైబింగ్ క్యాస్కేడ్' అంటారు. 1990లలో పౌలా రోషాన్, జెర్రీ గర్విట్జ్ అనే వైద్యులు దీని గురించి రాసిన దగ్గరి నుంచి ఆ పేరు వాడుకలోకి వచ్చింది. పైన చెప్పిన కథలో ఏ డాక్టరూ చేతకానివాడు కాదు. ఎవరికి కనిపించిన ముక్కకు వాళ్లు సరైన మందే రాశారు. మొత్తం కథ తెలిసినవాడు ఒక్కడూ లేడు, అంతే.

అమ్మగారి విషయంలో ఇంకో రకం చిక్కు ఉండొచ్చు. థైరాయిడ్‌కు పొద్దున్నే పరగడుపున లెవోథైరాక్సిన్. ఎముకలకు కాల్షియం ఒకరు, రక్తం తక్కువుందని ఐరన్ మరొకరు రాసి ఉంటారు. మర్చిపోకుండా ఉంటానని మూడూ ఒకేసారి వేసుకుంటారు. కాల్షియం, ఐరన్ రెండూ థైరాయిడ్ మందును కడుపులోనే పట్టుకుని ఒంటికి అందనివ్వవు. మధ్యలో నాలుగు గంటల ఎడం కావాలి. ఆ సంగతి అడిగేవాళ్లు లేకపోతే టీఎస్‌హెచ్ (థైరాయిడ్ మందు చాలకపోతే రక్తపరీక్షలో పెరిగే అంకె) పెరిగిందని మోతాదు పెంచుతారు. ఎప్పుడో ఆవిడ కాల్షియం మానేస్తారు. అప్పుడు పెంచిన మోతాదు మొత్తం ఒంటికి పట్టి గుండె దడ మొదలవుతుంది. ఆ దడకు గుండె డాక్టర్ దగ్గరికి పరుగు. మందు వేళ మార్చి, ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత పరీక్ష మళ్లీ చేయిస్తే తేలిపోయే విషయం ఇది.

మోకాళ్ల నొప్పులకు రోజూ ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి వాడుతున్నారేమో కూడా చూడాలి. బీపీ మందుల్లో పేరు చివర 'ప్రిల్' అనో 'సార్టాన్' అనో ఉండేవి, వాటికి తోడు నీళ్లు పోయే మాత్ర, ఆపైన ఈ నొప్పి మాత్ర. మూడూ కలిస్తే కిడ్నీ దెబ్బతినే ప్రమాదం ఉంది. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గినప్పుడు మరీను. షుగర్‌కు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లకు విటమిన్ బీ12 తగ్గి అరికాళ్లలో తిమ్మిర్లు వస్తే షుగర్ వల్లేలే అని వదిలేయడమూ తరచూ చూశాను. దయచేసి ఇది చదివి ఏ మాత్రనూ మీ అంతట మీరు ఆపేయకండి. ఆపాల్సినవి కొన్ని ఒక్కసారిగా ఆపకూడదు, నెమ్మదిగా తగ్గించాలి.

ఒకే డాక్టర్ దగ్గర ఏళ్లు గడపడం వల్ల లాభం ఉందనడానికి నా అనుభవం ఒక్కటే ఆధారం కాదు. నార్వేలో సుమారు 45 లక్షల మంది రికార్డులు తీసి చూసిన అధ్యయనం 2022లో వచ్చింది. ఒకే ఫ్యామిలీ డాక్టర్ దగ్గర 15 ఏళ్లకు పైబడి ఉన్నవాళ్లను, ఏడాదిగా మాత్రమే ఉన్నవాళ్లతో పోల్చారు. పాతవాళ్లలో వేళ కాని వేళ వైద్యానికి పరుగెత్తడం 30 శాతం, అత్యవసరంగా ఆసుపత్రిలో చేరడం 28 శాతం, మరణాలు 25 శాతం తక్కువగా కనిపించాయి. ఇది పోలిక మాత్రమే, రుజువు అనలేం. ఒకే చోట స్థిరంగా ఉండేవాళ్లు మొదటి నుంచీ కాస్త నిలకడైన జీవితం ఉన్నవాళ్లే కావచ్చు. ఇంకో మాట కూడా చెప్పాలి. నార్వేలో ఫ్యామిలీ డాక్టర్ అంటే డబ్బున్నవాళ్ల సదుపాయం కాదు, దేశంలో దాదాపు ప్రతి ఒక్కరికీ పేరుపేరునా ఒకరు ఉంటారు. కాబట్టి ఆ ఫలితం 'ప్రైవేటు' అన్న మాటలో లేదు, గడిచిన ఏళ్లలో ఉంది. మీరుండే చోట ప్రభుత్వ వైద్యంలో ఎప్పుడు వెళ్లినా ఒకే డాక్టర్ దొరికే వీలుంటే, ఆయన మంచివారైతే, ప్రైవేటుకు డబ్బు కట్టక్కర్లేదు.

మరి ప్రైవేటులో అదనంగా దొరికేదేమిటి? ముఖ్యంగా సమయం. 67 దేశాల లెక్కలు కలిపి 2017లో ప్రచురించిన ఒక పరిశీలనలో డాక్టర్ ఒక్కో రోగితో గడిపే సగటు సమయం 48 సెకన్ల నుంచి 22న్నర నిమిషాల దాకా ఉంది. ప్రపంచ జనాభాలో సుమారు సగం మంది ఉండే 18 దేశాల్లో అది 5 నిమిషాలకు మించదు. అయిదు నిమిషాల్లో చీటీ రాయొచ్చు గానీ మందుల సంచి విప్పి చూడలేం.

డబ్బు ఎలా కడతారన్నది మీ డాక్టర్ ప్రవర్తన మీద పనిచేస్తుంది. ఎంత మంచివారైనా సరే. వచ్చినప్పుడల్లా ఫీజు తీసుకునే చోట 'వారం తర్వాత మళ్లీ రండి' అన్న మాట సులువుగా వస్తుంది. చందా పద్ధతిలో దానికి తిరగబడిన సమస్య: ఎక్కువమందిని చేర్చుకుని తక్కువగా చూడటం లాభం. ఫీజు చాలా తక్కువగా, లేదా అసలు లేకుండా ఉన్నచోట డబ్బు మరో దారిలో వస్తుందని అనుకోవాలి, సాధారణంగా టెస్టుల నుంచి, లేదా పంపిన ఆసుపత్రి నుంచి. కాబట్టి చందా కట్టేముందు మీ దగ్గర మొత్తం ఎంతమంది చేరారు అని నేరుగా అడగండి. చందా పద్ధతి మొదలైందే ఆ సంఖ్య తగ్గించడానికి. 1996లో అమెరికాలోని సియాటిల్‌లో హోవార్డ్ మారన్ అనే డాక్టర్ ఈ తరహా ప్రాక్టీసు ప్రారంభించినప్పుడు అసలు ఉద్దేశమే తక్కువ కుటుంబాలను తీసుకుని ఎక్కువ సమయం ఇవ్వడం. మామూలు ప్రాక్టీసులో ఒక్క డాక్టర్ మీద రెండు వేల మంది ఉండటం అక్కడ మామూలే. చందా కట్టించుకుంటూ కూడా అంతమందిని పెట్టుకుంటే మీరు దేనికి కడుతున్నట్టు?

చందా అంటే ఇన్సూరెన్స్ కాదన్నది చాలామంది ఆలస్యంగా గ్రహిస్తారు. ఆసుపత్రి ఖర్చు, స్కాన్లు, స్పెషలిస్టు ఫీజు అందులో ఉండవు. చందా కట్టాం కదా అని ఇన్సూరెన్స్ మానేసినవాళ్లను నేను చూశాను. ఆ పొరపాటు చేయకండి. ఏవేవి కలిసి ఉన్నాయో, ఇంటికి వచ్చి చూస్తే వేరేగా తీసుకుంటారా, మధ్యలో మానేస్తే మిగిలిన డబ్బు ఏమవుతుందో కాగితం మీద రాయించుకోండి.

ఇక ఎంచుకోవడం. గోడ మీది పట్టాలు చూడండి, రిజిస్ట్రేషన్ సరిచూసుకోండి, అది ఎవరైనా చెబుతారు. నేను చూడమనేది వేరు. ఆయన మీకు 'వద్దు' అని చెప్పగలరా? డబ్బు కట్టే రోగికి వద్దని చెప్పడం ఎంత కష్టమో మీకు తెలియదు, నాకు తెలుసు. దగ్గు వచ్చిన నాలుగో రోజున యాంటీబయాటిక్ కావాలంటారు. మామూలు జలుబు తర్వాత వచ్చే దగ్గు సగటున దాదాపు 18 రోజులు ఉంటుంది. జనం మాత్రం వారం, తొమ్మిది రోజుల్లో పోవాలనుకుంటారు. ఆ తేడాలోనే ప్రపంచంలో బోలెడు అనవసరపు యాంటీబయాటిక్‌లు అమ్ముడుపోతాయి. మీ పిల్లాడి దగ్గుకు చీటీ రాయకుండా 'ఊపిరి ఇలా ఎగపోస్తే, జ్వరం ఇన్ని రోజులు దాటితే, నీళ్లు కూడా తాగకపోతే తీసుకురండి' అని చెప్పి పంపే డాక్టర్ పని ఎగ్గొట్టడం లేదు, చేస్తున్నాడు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. చందా పద్ధతిలోకి మారిన కొత్తలో ఒక పెద్దాయన, బాగా పలుకుబడి ఉన్న మనిషి, రక్తహీనతతో వచ్చారు. ఐరన్ తక్కువగా ఉంది. ఆ వయసు మగవాళ్లలో ఐరన్ తగ్గితే పేగుల్లో ఎక్కడైనా రక్తం పోతోందేమో చూడాలి, అది పాఠం. ఆ పరీక్ష ఇబ్బందిగా ఉంటుంది. ఆయన ముఖం చిట్లించారు. ఆయన్ను ఇబ్బంది పెట్టడం ఇష్టం లేక 'ముందు ఐరన్ మాత్రలు వాడి చూద్దాం' అన్నాను. మామూలు రోగి అయితే ఆ మాట అనేవాడిని కాదు. మూడు నెలల తర్వాత పేగులో గడ్డ బయటపడింది. ఆపరేషన్ చేశారు, ఆయన బాగానే ఉన్నారు. కానీ ఆ మూడు నెలలు నా మొహమాటానికి ఆయన కట్టిన మూల్యం. గొప్పవాళ్లకు ప్రత్యేకంగా చూడబోయి అధ్వాన్నమైన వైద్యం చేయడానికి 1964 నుంచే 'వీఐపీ సిండ్రోమ్' అని పేరుంది. అది తెలిసి కూడా అందులో పడ్డాను. అందుకే డాక్టర్‌తో మరీ స్నేహం పెంచుకోకండి అంటాను. నన్ను మామూలు రోగిలాగే చూడండి అని మొదటి రోజే చెప్పండి.

'వద్దు' అనగలిగే డాక్టర్‌ను గుర్తుపట్టడానికి ఒక తేలిక మార్గం ఉంది. నాకు ఫుల్ బాడీ చెకప్ రాయండి అని అడిగి చూడండి. వెంటనే రాసేస్తే కాస్త ఆలోచించండి. సాధారణంగా ఒక టెస్టు నార్మల్ హద్దులను ఆరోగ్యవంతుల్లో 95 శాతం మంది లోపల పడేలా గీస్తారు. అంటే పూర్తి ఆరోగ్యంగా ఉన్న మనిషికి, ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 టెస్టులు చేస్తే కనీసం ఒకటైనా తేడాగా వచ్చే అవకాశం దాదాపు 64 శాతం. ఆ ఒక్క ఎర్ర గీత వెంట మరో స్కాన్, దాని వెంట మరో డాక్టర్, ఇంటిల్లిపాదికీ టెన్షన్. అంతా ఒకేసారి చూసేసే హెల్త్ చెకప్‌ల మీద రెండున్నర లక్షల మంది పాల్గొన్న అధ్యయనాలను 2019లో కలిపి సమీక్షిస్తే, వాటి వల్ల మరణాలు తగ్గినట్టు తేలలేదు. టెస్టులన్నీ వృథా అని దీనర్థం కాదు. నాన్నగారికి మూడు నుంచి ఆరు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష), ఏడాదికోసారి మూత్రంలో ప్రొటీన్, కిడ్నీ పనితీరు, కంటి రెటీనా, పాదాలు చూడాలి. వయసును బట్టి చేయించాల్సిన క్యాన్సర్ పరీక్షలు కొన్ని ఉన్నాయి. ఎవరికి ఏది, ఎందుకు, తేడా వస్తే తర్వాత ఏం చేస్తాం అన్నది ముందే చెప్పగలిగితే ఆ టెస్టు రాయడానికి అర్థముంటుంది.

మొదటిసారి కలిసినప్పుడు ఇంకొన్ని అడగొచ్చు. మీరు సెలవులో ఉంటే ఎవరు చూస్తారు, వాళ్లకు మా ఫైలు కనిపిస్తుందా? రాత్రి ఫోన్ మీరే ఎత్తుతారా, సిబ్బందా? ఆసుపత్రిలో చేరితే అక్కడి డాక్టర్లతో మాట్లాడతారా? మా రికార్డుల కాపీ అడిగితే ఎన్ని రోజుల్లో ఇస్తారు? చివరి ప్రశ్నకు తడబడితే నేనైతే చేరను. మీ రికార్డు మీది. ఆయన వయసు కూడా చూసుకోండి. రెండేళ్లలో రిటైరయ్యే డాక్టర్ ఎంత గొప్పవారైనా, ఆయన జ్ఞాపకం ఆయనతోనే వెళ్లిపోతుంది.

చేరాక మీ వైపు నుంచి చేయాల్సిన పని కూడా ఉంది. బాగున్నప్పుడు కూడా ఒకసారి కలవండి. ఆరోగ్యంగా ఉన్నప్పుడు మీ ముఖం, నడక, మాట ఎలా ఉంటాయో చూడని డాక్టర్‌కు, ఒంట్లో బాగోలేని రోజు తేడా తెలియదు. అమ్మగారు 'ఏం లేదు డాక్టర్ గారూ, బాగానే ఉన్నాను' అని లేచి, తలుపు దాకా వెళ్లి, 'ఈ మధ్య మెట్లెక్కితే కాస్త ఆయాసంగా ఉంటోంది' అంటారు. అసలు విషయం ఎప్పుడూ తలుపు దగ్గరే బయటపడుతుంది. వచ్చేముందు మూడు ముక్కలు కాగితం మీద రాసుకుని, అన్నిటికన్నా భయపెడుతున్నదాన్ని మొదట చెప్పమనండి.

బీపీ ఇంట్లో చూసి రాసుకురండి, అది నాలాంటి డాక్టర్‌కు పది టెస్టులతో సమానం. డాక్టర్ ముందు కూర్చోగానే బీపీ పెరిగేవాళ్లు చాలామంది. అయిదు నిమిషాలు ఊరికే కూర్చుని, వీపు ఆనించి, కాళ్లు నేల మీద పెట్టి, చెయ్యి గుండె ఎత్తులో ఉంచి, మాట్లాడకుండా చూడాలి. పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు, వారం రోజులు. మొదటి రోజు అంకెలు తీసేసి మిగతావాటి సగటు చూస్తాం. క్లినిక్‌లో 140/90 హద్దు అయితే ఇంట్లో 135/85. ఈ ఒక్క కాగితం వల్ల మందు అక్కర్లేదని తేలినవాళ్లు నా దగ్గర చాలామంది ఉన్నారు.

ఫోన్ ఎప్పుడు వాడాలి? రిపోర్టు చూపించడానికి, మోతాదు సందేహానికి, తెలిసిన జబ్బు ఎలా ఉందో చెప్పడానికి. కొత్తగా వచ్చిన కడుపునొప్పిని ఫోన్లో చూడమనకండి. మీ డాక్టర్ చూస్తానన్నా ఒప్పుకోకండి.

అన్నిటికన్నా ముఖ్యం, ఎమర్జెన్సీలో ఫ్యామిలీ డాక్టర్‌కు ఫోన్ చేస్తూ కూర్చోవద్దు. ఛాతీలో బరువు, నొప్పి. మూతి వంకర పోవడం, చెయ్యి పడిపోవడం, మాట తడబడటం. ఊపిరాడకపోవడం, ఆగని రక్తం, ఫిట్స్, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన. నేరుగా అంబులెన్స్, ఆసుపత్రి. రక్తం గడ్డకట్టి వచ్చిన పక్షవాతానికి ఆ గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి, ఎంత తొందరగా ఇస్తే అంత మేలు. 'మన డాక్టర్ గారిని అడిగి వెళ్దాం' అని గంట పోగొట్టుకున్న ఇళ్లు నాకు తెలుసు. నేనే మీ డాక్టర్‌ననుకోండి, దారిలో నాకు ఫోన్ చేస్తే చాలు. అప్పుడు నా పని, రోగి వాడే మందులు, పడని మందులు, పాత ఈసీజీ ఆసుపత్రికి పంపడం. డిశ్చార్జ్ అయిన వారంలోపు ఆ కాగితాలతో నా దగ్గరికి రావాలి. పాత మందులు, కొత్త మందులు రెండూ కలిపి వేసేసుకునేది సరిగ్గా ఆ వారంలోనే.

స్పెషలిస్టులు మానేయాలా అంటే, అక్కర్లేదు. కానీ తిరుగుడు తగ్గుతుంది. వెళ్లేటప్పుడు మీ ఫ్యామిలీ డాక్టర్ నుంచి ఒక ఉత్తరం తీసుకెళ్లండి: ఏ ప్రశ్నకు జవాబు కావాలి, ఇప్పటిదాకా ఏం చేశాం, ఏ మందులున్నాయి. ప్రశ్న లేకుండా పంపితే స్పెషలిస్టు టెస్టులతోనే మొదలుపెడతారు. రెండో అభిప్రాయం కావాలంటే మొహమాటపడకండి. దానికి చిన్నబుచ్చుకునే డాక్టర్ మీకు వద్దు.

ఇల్లంతటికీ ఒకే డాక్టర్ కావడంలో ఒక చిక్కు ఉంది, దాని గురించి ఎవరూ ముందుగా మాట్లాడుకోరు. డబ్బు కట్టేది మీరు. కానీ నాన్నగారు నాతో చెప్పింది నాన్నగారిది, మీది కాదు. కొడుకు ఫోన్ చేసి 'నాన్న ఇంకా సిగరెట్ తాగుతున్నారా, మీకు చెప్పే ఉంటారు' అంటాడు. కోడలు నిద్రమాత్రల గురించి అత్తగారికి తెలియకూడదంటుంది. రేపు మీ పిల్లలు పదహారేళ్లవాళ్లయ్యాక గదిలో నాతో ఒంటరిగా మాట్లాడాలంటారు, మాట్లాడనివ్వాలి. చేరిన రోజే అందరినీ కూర్చోబెట్టి ఎవరి విషయం ఎవరికి చెప్పొచ్చో తేల్చుకుని ఫైల్లో రాయించండి. లేకపోతే ఏమవుతుందంటే, అందరూ డాక్టర్ దగ్గర దాచడం మొదలుపెడతారు. అప్పుడు నేనూ అయిదు నిమిషాల డాక్టర్‌నే.

పిల్లల విషయం క్లుప్తంగా. టీకాలు, ఎదుగుదల, మామూలు జ్వరాలు ఫ్యామిలీ డాక్టర్ చూడగలరు. మూడు నెలల లోపు పాపకు జ్వరం వస్తే మాత్రం ఎంత కొద్దిదైనా ఆసుపత్రికే.

మీరు ఏం చేయాలంటే, ఏడాది చందా ఇప్పుడే కట్టకండి. ఒక్కసారి చూసే ఫీజు కట్టి నాన్నగారిని మాత్రం తీసుకెళ్లండి. ఇంట్లో ఉన్న ప్రతి మాత్ర, సిరప్, లేపనం, మూలికల పొడి, ఎవరో ఇచ్చిన నిద్రమాత్రలు, సగం వాడి వదిలేసిన అట్టలు, అన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. చీటీలు కాదు, మందులే తీసుకెళ్లండి. చీటీలో ఉన్నదానికీ నిజంగా మింగేదానికీ చాలా తేడా ఉంటుంది. సంచి బల్ల మీద పెట్టి కూర్చోండి. ఆయన దాన్ని విప్పి, ఒక్కోటీ చేతిలోకి తీసుకుని 'ఇది ఎవరు రాశారు, ఎందుకు, ఎప్పుడు వేసుకుంటున్నారు' అని నాన్నగారినే, మిమ్మల్ని కాదు, అడిగితే అమ్మగారిని కూడా తీసుకెళ్లండి. సంచి అలాగే ఉండగా కొత్త చీటీ రాయడం మొదలుపెడితే, ఫీజు ఇచ్చేసి ఇంకొకరిని వెతుక్కోండి.